బరువు వేరు, బలం వేరు: దిగువ కృష్ణా డెల్టాలో గర్భిణుల ఊబకాయం – భాష, ఆహార సంప్రదాయం, ఆరోగ్యం

వ్యాససంగ్రహం

గర్భిణి ‘ఒళ్ళు చేయడం’ తెలుగు కుటుంబాలలో శుభసూచకం. ఆమె చిక్కిపోతే ఇల్లంతా కలవరపడుతుంది. బరువు పెరిగితే సంతోషిస్తుంది. కరువులు, ఉప్పెనలు చూసిన దిగువ కృష్ణా డెల్టాలో ఈ దృష్టికి బలమైన చారిత్రక కారణాలున్నాయి. అయితే నేటి గర్భిణుల్లో అధిక బరువు మధుమేహం, రక్తపోటు, కష్టతరమైన కాన్పు వంటి సమస్యలకు దారితీస్తోంది. బరువు ఎక్కువగా ఉన్న స్త్రీలోనే రక్తహీనత ఉండటం కూడా సాధారణమే. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల జీవనాన్ని ఆధారంగా తీసుకొని, గర్భిణి దేహాన్ని వర్ణించే తెలుగు మాటలు, పురుటి ఆహారాచారాలు, ఆధునిక వైద్యం చెప్పే కొలతలు పరస్పరం ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విభేదిస్తాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఊబకాయం, గర్భిణి, పుష్టి, దౌహృదం, పథ్యం, రక్తహీనత, గర్భకాల మధుమేహం, గుర్రపువాతం, కృష్ణా డెల్టా, దివిసీమ.

1. ఉపోద్ఘాతం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయం కలవారు. నాలుగో విడతలో (2015–16) ఇది 33.2 శాతం. దేశం మొత్తం మీద ఐదో విడతలో ఇది 24 శాతమే. ఈ లెక్కలో గర్భిణులను, సర్వేకు ముందు రెండు నెలల్లోపు ప్రసవించినవారిని చేర్చరు. కనుక ఇది నేరుగా గర్భిణుల సంఖ్య కాదు. అయితే గర్భం ధరించే వయసులో ఉన్న స్త్రీలు ఎలాంటి దేహస్థితితో ఆ దశలోకి అడుగుపెడుతున్నారో ఇది చెబుతుంది. గర్భకాలపు సమస్యలలో చాలావాటికి మూలం గర్భానికి ముందున్న బరువులోనే ఉంటుంది కాబట్టి ఈ సంఖ్య విలువైనది.

అదే సర్వేలో మరో సంఖ్య ఉంది. రాష్ట్రంలోని గర్భిణులలో 53.7 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒక సమాజంలో అధిక బరువు, రక్తహీనత రెండూ పక్కపక్కనే పెరుగుతున్నాయంటే, తినే తిండి పరిమాణానికీ దాని సారానికీ మధ్య ఎక్కడో పొంతన కుదరడం లేదని అర్థం. ఈ వైరుధ్యాన్ని వైద్యులు పరీక్షల ద్వారా గుర్తిస్తారు. కుటుంబం మాత్రం మాటల ద్వారా, కళ్ళ ద్వారా గుర్తిస్తుంది. ఆ మాటలకు, చూపుకు ఈ సమస్య ఎందుకు కనిపించడం లేదన్నది పరిశీలించవలసిన విషయం.

2. ప్రాంత నేపథ్యం: కరువు నుంచి వరి సమృద్ధి వరకు

1832–33లో కృష్ణా తీరాన్ని పీడించిన గుంటూరు కరువును ప్రజలు నందన కరువు అనీ, డొక్కల కరువు అనీ పిలిచారు. నందన అనేది సంవత్సరం పేరు; డొక్క అనేది దేహభాగం పేరు. ఆకలికి లోపలికి పోయిన డొక్కలే ఆ కరువుకు పేరయ్యాయి. దేహం ఎండిపోవడాన్ని చావుకు సంకేతంగా చూసిన అనుభవం భాషలో ఎలా నిలిచిపోతుందో ఈ ఒక్క పేరు చెబుతుంది.

1852–55 మధ్య విజయవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట నిర్మాణం జరిగింది. దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజి 1957లో పూర్తయింది. కాలువల నీటితో డెల్టా ధాన్యాగారంగా మారింది. వరి కోసిన పొలంలో మిగిలిన తేమతోనే మినుము, పెసర పండించడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. ఆ మినుములే సున్నుండలై పుష్పవతుల, బాలింతల ఆహారంలోకి వచ్చాయి.

సమృద్ధి వచ్చినా అభద్రత పూర్తిగా పోలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ఊడ్చిపెట్టింది. వేలమంది మరణించారు. పొలాలు ఉప్పుతేరాయి, పశువులు కొట్టుకుపోయాయి. నాడు కౌమారంలో, తొలి యౌవనంలో ఉన్న స్త్రీలే నేడు అమ్మమ్మలు, నాయనమ్మలు. మనవరాలి కంచంలో మరో ముద్ద వడ్డించే చేయి ఆ అనుభవాన్ని దాటివచ్చిన చేయి. దాన్ని కేవలం అజ్ఞానమనడం చరిత్రను విస్మరించడమే అవుతుంది.

ఈ మధ్య మారింది శ్రమ. దంపుళ్ళు, విసురుళ్ళు, నీళ్ళు మోయడం ఇంటి పనుల నుంచి దాదాపు తొలగిపోయాయి. కోత యంత్రాలు కోతకు, నూర్పిడికి వచ్చాయి. దంపుడు బియ్యం స్థానంలో మరపట్టిన తెల్లని సన్నబియ్యం స్థిరపడింది. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి వంటి రకాలు ఆ సన్నబియ్యానికి పర్యాయపదాలయ్యాయి. ఊడ్పులకు, కలుపుకు వెళ్ళే కూలీ స్త్రీల శ్రమ నేటికీ కఠినమే. పట్టణాలలో, మధ్యతరగతి ఇళ్ళలో మాత్రం దేహశ్రమ బాగా తగ్గింది. శ్రమ తగ్గినంత వేగంగా కంచంలోని అన్నం తగ్గలేదు.

3. పుష్టిని కీర్తించే భాష

గర్భధారణ గురించి తెలుగులో ఎంతో సున్నితమైన పదజాలం ఉంది. నెల తప్పడం, నీళ్ళోసుకోవడం, వట్టిమనిషి కాకపోవడం, వేవిళ్ళు, చూలు, నిండుచూలాలు, నెలలు నిండటం, పురుడు, కాన్పు, బాలింత – ప్రతి దశకూ ఒక పేరుంది. డెల్టా రైతు వరిచేను గురించి కూడా ఈ భాషలోనే మాట్లాడతాడు. వెన్ను బయటికి రాకముందు చేను ‘చిరుపొట్ట’ మీద ఉందంటాడు, ‘పొట్టకొచ్చింది’ అంటాడు. స్త్రీ దేహం, పైరు ఒకే ఉపమానంలో కలిసిన సంస్కృతి ఇది.

దేహపరిమాణాన్ని తెలిపే మాటలను ఈ దృష్టితో చూస్తే ఒక పక్షపాతం కనిపిస్తుంది. చిక్కిపోవడం, పీలగా ఉండటం, వాడిపోవడం, తిన్నది ఒంటికి పట్టకపోవడం – సన్నబడటాన్ని సూచించే మాటలన్నిటిలోనూ జాలి, ఆందోళన ధ్వనిస్తాయి. ఒళ్ళు చేయడం, నిండుగా ఉండటం, పుష్టిగా ఉండటం, కళగా ఉండటం – బరువు పెరగడాన్ని తెలిపే మాటలలో మెచ్చుకోలు ఉంటుంది. పుట్టింటికి వచ్చిన గర్భిణికి తొలి పలకరింపు ‘చిక్కిపోయావేమే’ అన్నదే. ఆ పలకరింపుకు జవాబు భోజనం.

గర్భిణి బరువు అతిగా పెరిగిందని హెచ్చరించే మాట కుటుంబభాషలో లేదు. ‘లావు’ అన్నది గర్భిణి విషయంలో ఎవరూ అనదలచుకోని మాట. అంటే దిష్టి తగులుతుందన్న భయం ఒకటి, ఆమె మనసు కష్టపడుతుందన్న జంకు మరొకటి. ‘స్థూలకాయం’ సంస్కృత సమాసం. ‘ఊబకాయం’ ఉబ్బును స్ఫురింపజేసే ఊబకు సంస్కృత కాయం కలిసిన మిశ్రసమాసం. రెండూ పత్రికలలో, ఆసుపత్రి గోడల మీద కనిపించే మాటలు. ఇంట్లో ఎవరినైనా ఊబకాయురాలని అంటే అది నింద అవుతుంది. వైద్యులు చెప్పే పదం ఇంట్లో పలకడానికి వీలులేనిది. ఇంట్లో పలికే పదానికి ప్రమాదాన్ని సూచించే శక్తి లేదు. ఆరోగ్య సందేశం ఈ రెంటి మధ్య జారిపోతోంది.

ప్రాచీన వైద్యశాస్త్రానికి ఈ పక్షపాతం లేదు. చరకసంహిత సూత్రస్థానంలో ‘అష్టౌనిందితీయ’ అనే అధ్యాయం ఎనిమిది రకాల నిందిత దేహాలను పేర్కొంటుంది. వాటిలో అతికృశ, అతిస్థూల దేహాలు రెండూ ఉన్నాయి. రెండింటినీ పోల్చి చికిత్స దృష్ట్యా స్థౌల్యం కన్న కార్శ్యమే మేలని ఆ గ్రంథం అభిప్రాయపడింది. సుశ్రుతసంహిత నాలుగో నెల గర్భిణిని రెండు హృదయాలు కలదిగా భావించి ‘దౌహృదిని’ అన్నది. ఆమె కోరికలను తీర్చాలన్నది. ఆ దౌహృద భావనతో ముడిపడిన ‘దోహదం’ ఆధునిక తెలుగులో ‘తోడ్పాటు’ అనే అర్థంలో స్థిరపడింది. కోరిక తీర్చడం తోడ్పాటుగా మారిన ఈ అర్థపరిణామం ఇంటి ఆచరణకు కూడా వర్తిస్తుంది. గర్భిణి అడిగిన తీపి పెట్టడమే ఆమెకు చేయగల గొప్ప సాయమని ఇల్లు నమ్ముతుంది.

4. ‘ఇద్దరి తిండి’ లెక్క

గర్భిణి ఇద్దరి తిండి తినాలన్నది తరతరాల మాట. ఈ మాటను లెక్కలోకి మారిస్తే ఫలితం ఆశ్చర్యం కలిగిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం తక్కువ శ్రమ చేసే స్త్రీకి రోజుకు సుమారు 1660 కిలోకేలరీల శక్తి కావాలి. గర్భిణికి అదనంగా కావలసింది 350 కిలోకేలరీలు. అంటే మామూలు తిండిలో దాదాపు ఐదో వంతు. అన్నం రూపంలో చూస్తే అది సుమారు 100 గ్రాముల బియ్యంలో ఉండే శక్తి. మరో మనిషి తిండి అవసరం లేదు.

మాంసకృత్తుల విషయంలో పెరిగే అవసరం వేరుగా ఉంటుంది. అదే సిఫార్సుల ప్రకారం రెండో త్రైమాసికంలో రోజుకు 9.5 గ్రాములు, మూడో త్రైమాసికంలో 22 గ్రాములు అదనంగా కావాలి. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం అవసరాలు కూడా పెరుగుతాయి. శక్తి అవసరం కొద్దిగా, పోషకాల అవసరం ఎక్కువగా పెరుగుతుందన్నమాట. ఇద్దరికి కావలసింది సారం. ఆచరణలో పెరిగేది మాత్రం చాలాచోట్ల అన్నం, బెల్లం, నెయ్యి, నూనె. గుడ్డు, పప్పు, పాలు, చేప, ఆకుకూర ఆ నిష్పత్తిలో పెరగవు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన నమ్మకం కూడా దక్షిణ భారతంలో ఉంది. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని చివరి నెలల్లో తిండి తగ్గించడం కొన్ని కుటుంబాల పద్ధతి. శస్త్రచికిత్స అందుబాటులో లేని కాలంలో పుట్టిన జాగ్రత్త అది. నేడు ఈ రెండు నమ్మకాలూ ఒకే ఇంట్లో వినిపిస్తాయి. ఒకటి తల్లిని పొరపాటున బరువెక్కిస్తే, రెండోది కావలసిన పోషకాలను కూడా దూరం చేస్తుంది.

5. కంటికి ఆనని కొలత

దేహ ద్రవ్యరాశి సూచికను గణించడానికి కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. భారతీయులకు తక్కువ సూచిక దగ్గరే మధుమేహం వంటి సమస్యలు మొదలవుతున్నందున, భారతీయ నిపుణులు 2009లో 23ను అధిక బరువుకు, 25ను ఊబకాయానికి హద్దులుగా ప్రకటించారు.

150 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆమె బరువు 52 కిలోలైతే సూచిక 23 దాటుతుంది. 58 కిలోలైతే 25.8. ఈ స్త్రీని చూసి డెల్టాలో ఎవరూ లావుగా ఉందనుకోరు. చక్కగా, నిండుగా ఉందంటారు. కంటికి అందంగా కనిపించే దేహమే కొలతకు హెచ్చరిక ఇస్తోంది. అందువల్ల తొలి పరీక్షలోనే, మొదటి త్రైమాసికంలోనే, ఎత్తు, బరువు రెండూ నమోదు కావాలి. బరువు ఒక్కటే రాస్తే ఈ విషయం తెలియదు. నెలలు నిండిన తరువాత చూసే బరువులో బిడ్డ, మాయ, ఉమ్మనీరు, పెరిగిన రక్తం కలిసి ఉంటాయి కనుక అప్పుడు ఈ సూచికకు అర్థం ఉండదు.

గర్భకాలంలో ఎంత బరువు పెరగాలన్నది మొదటి బరువును బట్టి మారుతుంది. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన మార్గదర్శకాలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం సాధారణ బరువున్నవారికి 11.5–16 కిలోలు, అధిక బరువున్నవారికి 7–11.5 కిలోలు, ఊబకాయం ఉన్నవారికి 5–9 కిలోలు పెరగడం తగినదన్నారు. తక్కువ బరువున్నవారికి మాత్రం 12.5–18 కిలోలు అవసరం. ఈ పరిమితులు పాశ్చాత్య స్త్రీల ఆధారంగా రూపొందినవి; పొట్టిగా ఉండే భారతీయ స్త్రీలకు యథాతథంగా కాక వైద్యుల సలహాతో అన్వయించుకోవాలి. అందరికీ ఒకే తిండి, ఒకే పెరుగుదల అన్న ఆలోచన సరికాదన్న సూత్రం మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

6. అధిక బరువు – గర్భంలో జరిగే మార్పులు

బిడ్డకు నిరంతరం చక్కెర అందేలా గర్భిణి దేహం తనను తాను మార్చుకుంటుంది. మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి దేహంలో ఇన్సులిన్ ప్రభావాన్ని తగ్గిస్తాయి. ఆరోగ్యవంతురాలి క్లోమం ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి దీన్ని సర్దుకుంటుంది. అధిక కొవ్వు ఉన్న దేహంలో ఇన్సులిన్ ప్రభావం ముందే తగ్గి ఉంటుంది. రెండు భారాలు కలిసినప్పుడు క్లోమం తట్టుకోలేకపోతుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంది. దీన్నే గర్భకాల మధుమేహం అంటారు.

తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. అందువల్ల బిడ్డ తన ఇన్సులిన్‌ను తానే ఎక్కువగా తయారుచేసుకొని ఆ చక్కెరను కొవ్వుగా నిల్వచేస్తుంది. పుట్టిన బిడ్డ బొద్దుగా, ముద్దుగా కనిపిస్తుంది; ఇల్లు సంబరపడుతుంది. అయితే బిడ్డ పెద్దదైతే కాన్పులో తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఉంటుంది. బొడ్డు కోసిన వెంటనే చక్కెర సరఫరా ఆగిపోతుంది, పెరిగిన ఇన్సులిన్ మాత్రం ఆగదు. దానితో బిడ్డ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. బొద్దుగా పుట్టిన బిడ్డను కొన్ని గంటలపాటు ఎందుకు గమనిస్తారో ఈ కారణం వివరిస్తుంది.

రక్తపోటు రెండో పెద్ద ప్రమాదం. గర్భం 20 వారాలు దాటాక రక్తపోటు 140/90కి చేరి, మూత్రంలో మాంసకృత్తులు కనిపించడమో ఇతర అవయవాలు దెబ్బతినడమో జరిగితే దాన్ని ప్రీఎక్లాంప్సియా అంటారు. ఊబకాయం దీని అవకాశాన్ని గణనీయంగా పెంచుతుంది. ఇది ముదిరి మూర్ఛలు వస్తే అది ఎక్లాంప్సియా. తెలుగువారు దీన్ని గుర్రపువాతం అన్నారు. పేరుందంటే పల్లెలు ఆ మూర్ఛను, దాని వెంట వచ్చే మరణాన్ని చూశాయనే అర్థం. మూర్ఛకు ముందు దశకు మాత్రం పేరు పెట్టలేదు. దాన్ని ‘ఒంటికి నీరు పట్టడం’గానే చూశారు. చివరి నెలల్లో పాదాలకు కొద్దిగా నీరు రావడం సహజమే. ముఖం, చేతులు ఒక్కసారిగా ఉబ్బడం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, రొమ్ముటెముకల కింద నొప్పి కనిపిస్తే అది ఆసుపత్రికి వెళ్ళవలసిన సమయం. నిండుగా ఉన్న దేహంలో ఈ ఉబ్బు తొందరగా తేడాగా కనిపించదన్నది గుర్తుంచుకోవాలి.

అధిక బరువు వల్ల స్కానింగులో బిడ్డ అవయవాలు స్పష్టంగా కనబడకపోవచ్చు. మత్తుమందు ఇవ్వడం కష్టమవుతుంది. శస్త్రచికిత్స గాయం చీము పట్టడం, కాలి సిరలలో రక్తం గడ్డకట్టడం, కాన్పు తరువాత అధిక రక్తస్రావం, పాలు ఆలస్యంగా పడటం వంటివి ఎక్కువగా సంభవిస్తాయి. ఐదో విడత సర్వే ప్రకారం రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు శస్త్రచికిత్స ద్వారా జరుగుతున్నాయి; దేశ సగటు 21.5 శాతం. దీనికి కారణాలు అనేకం. అందులో ఆసుపత్రుల పద్ధతులకూ భాగముంది. కారణం ఏదైనా, కోత పడిన దేహం బరువైనదైతే కోలుకోవడం కష్టమన్నది వాస్తవం.

ఈ ప్రభావం కాన్పుతో ముగిసిపోదు. గర్భకాల మధుమేహం వచ్చిన తల్లికి తరువాతి సంవత్సరాలలో శాశ్వత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. ఆమె బిడ్డకు పెద్దయ్యాక ఊబకాయం, మధుమేహం వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఆ బిడ్డ ఆడపిల్లైతే ఆమె గర్భంతో అదే చక్రం మళ్ళీ మొదలవుతుంది.

7. ఒళ్ళుంది, రక్తం లేదు

బరువున్న స్త్రీకి బలం ఉంటుందనుకోవడం సహజం. గర్భిణి రక్తంలో హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్న తగ్గితే రక్తహీనత. రాష్ట్రంలో సగానికి పైగా గర్భిణులలో ఇది ఉంది. లావుగా ఉన్న స్త్రీ ఆయాసపడితే బరువు వల్లనే అనుకుంటారు. ఆ ఆయాసం వెనుక రక్తలేమి ఉండవచ్చునన్న అనుమానం రాదు. సన్నగా ఉన్న స్త్రీకి ఇనుము మాత్రలు గుర్తుచేసే ఇల్లే నిండుగా ఉన్న స్త్రీకి వాటి అవసరం లేదనుకుంటుంది. కాన్పులో రక్తస్రావం అయినప్పుడు ఈ పొరపాటు ప్రాణాంతకమవుతుంది.

డెల్టాకు ఇది కొత్త పాఠం కాదు. మరపట్టిన బియ్యంపైనే ఆధారపడిన తీరాంధ్ర ఒకప్పుడు బెరిబెరి వ్యాధికి పేరుపొందింది. ఉత్తర సర్కారు ప్రాంతంలో ఆ వ్యాధిని గురించి మాల్కంసన్ అనే వైద్యుడు 1835 నాటికే గ్రంథం రాశాడు. తవుడుతోపాటు పోయిన థయామిన్ లోపమే దాని కారణమని తరువాత తేలింది. అందులో ఒక రకం బెరిబెరి కాళ్ళను, దేహాన్ని ఉబ్బించేది. కడుపునిండా అన్నం తిన్నవారే, ఉబ్బిన ఒంటితోనే, పోషకాహార లోపంతో మరణించారు. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ చిన్నగదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేహం నిండుగా కనిపించినా లోపల లేమి ఉండవచ్చునన్న పాఠంతోనే ఆ సంస్థ పుట్టింది. నేటి ఊబకాయం, రక్తహీనతల జంట అదే పాఠాన్ని మరో రూపంలో చెబుతోంది.

8. పట్టణం, కాలువ, దీవి: మూడు పరిస్థితులు

అధిక బరువున్న గర్భిణికి అత్యవసర పరిస్థితి ఎప్పుడైనా రావచ్చు. అప్పుడు ఆమె ఎక్కడ ఉందన్నది ముఖ్యమవుతుంది. మచిలీపట్నం జిల్లా కేంద్రం. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అక్కడి ప్రధాన సమస్య దూరం కన్న జీవనశైలి: కూర్చుని చేసే పనులు, తీపి వంటకాలు, నడక లేని దినచర్య. తొక్కుడు లడ్డుకు, హల్వాకు పేరుపొందిన బందరులో గర్భిణిని చూడబోయేవారి చేతిలో మిఠాయి పొట్లం ఉండటం మర్యాద.

గుడివాడ పరిసరాలు వరిపొలాల, చేపల చెరువుల ప్రాంతం. చేపలు పండే నేల మీదనే గర్భిణి కంచంలో చేప కరువు కావడం తరచు కనిపించే వైచిత్రి. వేడి చేస్తుందనో, దురద వస్తుందనో దాన్ని మాన్పించే ఇళ్ళున్నాయి. చెరువు చేప విజయవాడకు, అక్కడి నుంచి ఇతర రాష్ట్రాలకు వెళుతుంది. ఇంట్లో అన్నం, పచ్చడి, వేపుడు మిగులుతాయి.

దివిసీమ కృష్ణ పాయల మధ్య దీవి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల నుంచి పెద్ద ఆసుపత్రికి చేరడానికి సమయం పడుతుంది. ఎదురుమొండి వంటి దీవులవారు తరతరాలుగా పంటు మీద, పడవల మీద పాయను దాటినవారు. రాత్రివేళ రక్తపోటు పెరిగిన గర్భిణికి ఆ నీరే అతిపెద్ద అవరోధం. దీవిలోని గర్భిణి విషయంలో ప్రమాదాన్ని ముందే గుర్తించి, నెలలు నిండకముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చాలి. మొదటి నెలల్లో రాసిన ఎత్తు, బరువు ఇక్కడ ప్రాణాలు కాపాడే సమాచారం అవుతాయి.

9. ఆచారాన్ని నిలుపుకుంటూ చేయదగిన మార్పులు

సూడిదలు, చలిమిడి, సీమంతం గర్భిణికి కుటుంబం అందించే ఆదరణకు రూపాలు. ఒకనాటి తీపి వల్ల ఎవరికీ ఊబకాయం రాదు. నెలల తరబడి ఇల్లిల్లూ పంపే తీపి వల్ల వస్తుంది. సూడిదల పళ్ళెంలో వేరుశనగ ఉండలు, పండ్లు, గుడ్లు, రాగిపిండి చేర్చితే ఆచారం చెడదు. రాష్ట్రప్రభుత్వం 2020లో ప్రారంభించిన సంపూర్ణ పోషణ పథకంలో అంగన్‌వాడీల ద్వారా ఇచ్చినవి కూడా గుడ్డు, పాలు, పప్పు, రాగిపిండి, వేరుశనగ చిక్కీ వంటివే.

పురుటి పథ్యంలో విలువైన అంశాలున్నాయి. బందరు తీరంలో పాలు పడటానికి సొరపిట్టు పెడతారు; అందులో మాంసకృత్తులు మెండు. మినుములూ అంతే. ఇబ్బంది కూరలు, పండ్లు మాన్పించి, నెయ్యన్నం మాత్రమే నెలల తరబడి పెట్టి, బాలింతను మంచం దిగనివ్వకపోవడంలో ఉంది. గర్భంలో పెరిగిన బరువు పురిటిలో నిలిచిపోతుంది; రెండో గర్భం ఆ బరువు మీదనే మొదలవుతుంది. రెండు కాన్పుల నడుమ కాలమే బరువు తగ్గడానికి అనువైన సమయం. గర్భకాలంలో ఉపవాసాలతో, తిండి మానేసి బరువు తగ్గించే ప్రయత్నం చేయకూడదు.

పరీక్షల విషయంలో దేశంలో అమలులో ఉన్న పద్ధతి సులభమైనది. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటల తరువాత రక్తంలో చక్కెర చూస్తారు. 140 మిల్లీగ్రాములు లేదా అంతకు మించితే గర్భకాల మధుమేహం. దీనికి పరగడుపున రావలసిన పనిలేదు. మొదటి సందర్శనలో ఒకసారి, 24–28 వారాల మధ్య మరోసారి చేస్తారు. కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ చూడాలి. చాలామంది బాలింతలు వదిలేసేది ఈ చివరి పరీక్షనే. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో వైద్యులు గర్భిణులను పరీక్షిస్తారు.

వీటన్నిటికీ తోడుగా మాట కావాలి. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్ళి ‘మీ కోడలికి ఊబకాయం ఉంది’ అంటే తలుపు మూసుకుంటుంది. ‘బరువుంది, బలం చూద్దాం’ అంటే సంభాషణ మొదలవుతుంది. ‘ఒళ్ళు వచ్చింది, రక్తం వచ్చిందో లేదో చూడాలి’ అన్న మాట అత్తగారికీ అర్థమవుతుంది, కోడలినీ నొప్పించదు. ఇంటి భాషలోనే ఉన్న బలం, రక్తం, సత్తువ అనే మాటలను ఆరోగ్య సందేశానికి ఆధారం చేసుకోవచ్చు. 1990వ దశకం ఆరంభంలో వెలువడిన ‘సవాలక్ష సందేహాలు’ స్త్రీల ఆరోగ్యాన్ని స్త్రీల వాడుకభాషలో వివరించవచ్చని నిరూపించింది. తెలుగు శాఖలు, వైద్య కళాశాలలు కలిసి చేయవలసిన పని ఇక్కడ ఇంకా మిగిలి ఉంది.

10. ముగింపు

* గర్భిణి దేహం గురించిన తెలుగు పదజాలం కొరత కాలంలో రూపొందింది. కృశత్వాన్ని హెచ్చరించే మాటలు అందులో సమృద్ధిగా ఉన్నాయి. అధిక బరువును నొప్పించకుండా హెచ్చరించే మాట లేదు.
* గర్భిణికి అదనంగా కావలసిన శక్తి మామూలు తిండిలో ఐదో వంతు మాత్రమే. మాంసకృత్తులు, ఇనుము, ఇతర పోషకాల అవసరం అంతకన్న ఎక్కువ నిష్పత్తిలో పెరుగుతుంది.
* నిండుగా కనిపించే దేహంలోనే మధుమేహం, రక్తపోటు, రక్తహీనత దాగి ఉండవచ్చు. మొదటి త్రైమాసికంలో ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్, చక్కెర, రక్తపోటు చూడటం వాటిని గుర్తించే మార్గం.
* దివిసీమ వంటి దీవి ప్రాంతాలలో ఈ గుర్తింపు ఆలస్యమైతే ప్రమాదం రెట్టింపవుతుంది.
* ఆచారాలను తిరస్కరించకుండా వాటిలోని ఆహారాన్ని, వాటి చుట్టూ ఉన్న మాటలను సవరించడం ఆచరణయోగ్యమైన పరిష్కారం.

డెల్టా రైతుకు ఈ విషయం పొలంలో తెలుసు. యూరియా ఎక్కువైన చేను ముదురుపచ్చగా, ఏపుగా పెరుగుతుంది, చూపరులు మెచ్చుకుంటారు. అనుభవమున్న రైతు మాత్రం దిగులుపడతాడు. ఆ చేనుకే దోమపోటు ముందుగా తగులుతుంది, గాలివానకు అదే ముందుగా పడిపోతుంది. పొట్టకొచ్చిన చేనులో ఏపును, సత్తువను వేరుచేసి చూడగల ఆ చూపు ఇంట్లోని నిండుచూలాలి విషయంలోనూ అలవడవలసి ఉంది.